హంసకు పని తప్పింది

పాలల్లో నీళ్లు కలిపాడని పాలవాణ్ణి తరతరాలుగా తిట్టిపోశాం. ఆయనకు బహిరంగ క్షమాపణ చెప్పుకోవలసిన సమయం వచ్చింది. ఆయన పాలతో మొదలుపెట్టి నీళ్ల దాకా వెళ్లేవాడు. మనం నీళ్లతోనే మొదలుపెడుతున్నాం.

బాదంపాల తయారీ విధానం మనవి చేస్తాను. ఒక కప్పు పప్పులు రాత్రంతా నానబెట్టాలి. పొద్దున్నే ఒక్కో పప్పును రెండు వేళ్ల మధ్య నొక్కితే తొక్క చేతిలో ఉంటుంది, పప్పు స్టవ్ కిందికి పోతుంది. దొరికినవాటిని నాలుగు కప్పుల నీళ్లతో మిక్సీలో తిప్పి, పల్చటి గుడ్డలో పోసి పిండాలి. గేదెను పితికేటప్పుడు అది కనీసం తంతుంది, మనం బతికున్నామని తెలుస్తుంది. బాదం ఆపాటి గౌరవం కూడా ఇవ్వదు.

పీచు దాదాపు అంతా, మాంసకృత్తుల్లో కొంత పిప్పిలోనే ఉండిపోతుంది. అంటే ఆహారాన్ని గుడ్డలో వదిలేసి, అది స్నానం చేసిన నీళ్లు మనం తాగుతాం. పిప్పి పారేయడానికి మనసొప్పదు. బిస్కెట్లు చేద్దామని ఫ్రీజర్‌లో దాస్తాం. నా ఫ్రీజర్‌లో ప్రస్తుతం ఏడు డబ్బాల సదుద్దేశం గడ్డకట్టి ఉంది.

ఇంత శ్రమ ఎందుకని కొనుక్కుందామా? చాలా డబ్బాల్లో బాదం 2 శాతం చిల్లర. గ్లాసు ఆవుపాలల్లో సుమారు 8 గ్రాముల మాంసకృత్తులుంటే, ఇందులో ఒక గ్రాము. ఈ లెక్క విన్నాక నేతిబీరకాయ తలెత్తుకు తిరుగుతోందట.

పేరు మీద మాత్రం బ్రహ్మాండమైన చర్చ నడిచింది. పాలంటే జంతువును పితికితే వచ్చేవేనని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2017లో తీర్పిచ్చింది. అయితే అక్కడి నిబంధనల్లో కొన్ని మినహాయింపులున్నాయి: బాదంపాలను ఫ్రెంచిలో పాలు అనవచ్చు, ఇంగ్లీషులో అనకూడదు. పప్పుకు పొదుగు రావాలంటే ఫ్రెంచి నేర్చుకుంటే చాలన్నమాట! 2018లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ అధిపతి బాదం పాలివ్వదని సెలవిచ్చారు. ఆ సంస్థే 2023లో, పాలని పిలుచుకుంటే పిలుచుకోండి, జనం మరీ అంత అయోమయంలో లేరు అన్న ధోరణిలో ముసాయిదా విడుదల చేసింది. ఈ వ్యవహారం మొత్తంలో చిక్కగా ఉన్నది ఈ వాదన ఒక్కటే.

పాలనూ నీళ్లనూ వేరు చేయడానికి హంస కావాలన్నారు పెద్దలు. నా సీసాకు ఒక రాత్రి చాలు, దానంతటదే విడిపోతుంది. నిన్న దాన్ని బాగా కుదిపి వేడి కాఫీలో పోశాను. కాఫీ పులుపుకూ వేడికీ తట్టుకోలేక విరిగింది. ఇంట్లో అందరూ మొహాలు ముడుచుకున్నారు గానీ, నేను పొంగిపోయాను. విరిగిందంటే పాలే కదా! కప్పును సాక్ష్యంగా ఆ న్యాయస్థానానికి పంపుదామనుకున్నాను, దారిలో తొణుకుతుందని ఆగాను.