ఓవెన్‌లో పెట్టాల్సింది పిజ్జా, బ్రాస్ కాదు

ఈ వారంలో నాలుగోసారి వచ్చిందా మెసేజ్. మొదట టెక్సాస్‌లో మా షూటింగ్ రేంజ్ వాట్సాప్ గ్రూపులో, తర్వాత న్యూజెర్సీ నుంచి మా బావమరిది, ఆ తర్వాత పాత రూమ్మేట్. నిన్న రాత్రి ఏకంగా విజయవాడ నుంచి మా పెదనాన్నగారి అబ్బాయి పంపాడు. వాడింట్లో ఎలుకల బోను తప్ప వేరే ఆయుధం లేదు. "రైఫిల్ బ్రాస్ 50 సార్లు వాడే రహస్యం, కంపెనీలు మీకు చెప్పవు" అని హెడ్డింగు, కింద ఆరు చిట్కాలు, చివర దండం పెట్టే బొమ్మ. బ్రాస్ అంటే తూటా పేల్చాక మిగిలే ఖాళీ ఇత్తడి గొట్టం, దాన్నే కేసు అంటాం.

విజయవాడ తమ్ముడికి ఒక్క మాట చెప్పి పక్కన పెడతాను. ఒరేయ్, అమెరికాలో సొంత వాడకానికి రీలోడింగ్, అంటే పేల్చిన కేసుల్లో పౌడర్ అనే మందు, బుల్లెట్ మళ్లీ నింపి తూటాలు చేసుకోవడం, మామూలు వ్యాపకం. ఇండియాలో లైసెన్స్ లేకుండా తూటాలు తయారుచేస్తే 1959 ఆయుధాల చట్టం కింద నేరం. నువ్వు ఫార్వర్డ్ చేయడంతో ఆపెయ్. అసలు అదీ ఆపెయ్.

చిన్న చిట్కాలు రెండు ముందు తేల్చేద్దాం. "మిలిటరీ బ్రాస్ మందంగా ఉంటుంది కాబట్టి పౌడర్ కాస్త ఎక్కువ వేసుకోవచ్చు" అట. సరిగ్గా తిరగేసి చెప్పాడు. గోడ మందమైతే లోపల చోటు తగ్గుతుంది, అదే పౌడర్‌కి ప్రెషర్ పెరుగుతుంది. కాబట్టి తగ్గించి మొదలుపెట్టాలి. "ప్రైమర్ వదులుగా కూర్చుంటే నెయిల్ పాలిష్ రాసి అతికించండి" అన్నది ఇంకొకటి. ప్రైమర్ అంటే కేసు అడుగున ఉండి మందుని అంటించే చిన్న మూత, అది కూర్చునే గుంట పాకెట్. ఆ పాకెట్ వదులైందంటే ఆ కేసు ఆయుష్షు తీరిందని అర్థం. దానికి చెయ్యాల్సింది సంస్కారం, అలంకారం కాదు.

ఇక అసలు దరిద్రం మూడో చిట్కా. ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "కేసులన్నీ ఓవెన్‌లో ఫుల్ హీట్‌లో గంటసేపు ఉంచండి. ఇంకా బాగా రావాలంటే గ్యాస్ స్టవ్ మీద ఎర్రబడేదాకా కాల్చి చన్నీళ్లలో ముంచండి. ఉక్కులా గట్టిపడతాయి."

మూడు వాక్యాలు, మూడూ తప్పే. కాల్చి ముంచితే గట్టిపడేది ఉక్కు. ఇది ఇత్తడి, 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు. దీన్ని కాలిస్తే మెత్తబడుతుంది. నీళ్లలో ముంచినా ముంచకపోయినా మెత్తగానే ఉంటుంది. మళ్లీ గట్టిపడాలంటే చల్లగా ఉన్నప్పుడు కొట్టాలి, సాగదీయాలి, నొక్కాలి. పెంబర్తిలో ఇత్తడి రేకు మీద పనిచేసే ఏ కంచరినడిగినా, కొడితే బిగుసుకుంటుంది, కాలిస్తే లొంగుతుంది అని చెబుతాడు. మన కేసుల నెక్‌లు, అంటే బుల్లెట్‌ని పట్టుకునే మూతులు, పగిలేదీ అందుకే. పేల్చినప్పుడు సాగి, డైలో, అంటే కేసుని పాత కొలతకి తెచ్చే అచ్చులో, మళ్లీ నొక్కుకుని, అలా నాలుగైదుసార్లు అయ్యేసరికి పెళుసెక్కుతాయి. అందుకని నెక్, దాని కింద వాలుగా ఉండే షోల్డర్ వరకు మాత్రమే అనీల్ చేస్తాం, అంటే వేడిచేసి మెత్తబరుస్తాం. మంటలో కొన్ని సెకన్లు, 400 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో. కింది భాగానికి వేడి దిగకుండా పాతకాలం వాళ్లు ట్రేలో నీళ్లు పోసి కేసుల్ని నిలబెట్టేవారు. నీళ్ల పని అంతే, గట్టిపరచడం కాదు.

మరి కింది భాగాన్ని ఎందుకంత అపురూపంగా చూసుకోవాలి? .308 విన్‌చెస్టర్ అనే రైఫిల్ తూటాకి అనుమతించిన గరిష్ఠ ప్రెషర్ 62,000 పీఎస్ఐ. మీ కారు టైర్లో ఉండేది 35. ఆ ఒత్తిడిలో కేసు గోడలకి చాంబర్, అంటే తుపాకీలో తూటా కూర్చునే గది, ఆసరాగా ఉంటుంది. కేసు అడుగు భాగమైన హెడ్ దగ్గర కొంత భాగానికి ఆ ఆసరా ఉండదు, ఇత్తడి తన గట్టిదనంతోనే నిలబడాలి. అందుకే ఫ్యాక్టరీలో హెడ్‌ని గట్టిగా, నెక్‌ని మెత్తగా తయారుచేస్తారు. మొత్తం కేసుని ఎర్రగా కాలిస్తే హెడ్ కూడా మెత్తబడిపోతుంది. అలాంటి కేసుతో ట్రిగ్గర్ నొక్కితే ప్రైమర్ పాకెట్ విచ్చుకోవచ్చు, హెడ్ చిరగొచ్చు, వేడి గ్యాసు బోల్టు సందుల్లోంచి వెనక్కి తన్నొచ్చు. బోల్టంటే చాంబర్‌ని వెనకనుంచి మూసే కడ్డీ, దాని వెనకాల ఉండేది మీ మొహం. పోనీ తప్పు దిద్దుకుందామంటే, మెత్తబడిన హెడ్‌ని ఇంట్లో మళ్లీ గట్టిపరిచే దారి లేదు.

స్టవ్ కాదు, ఓవెనే వాడాం అంటారా? ఇంట్లో ఓవెన్ ఫుల్ హీట్ 260 డిగ్రీల చుట్టుపక్కల. ఆ వేడికి నెక్ సరిగా అనీల్ అవదు, హెడ్‌కి మాత్రం అదే వేడి గంటసేపు తగులుతుంది. పైగా పేల్చిన కేసుల్లో ప్రైమర్ మసి ఉంటుంది, మామూలు ప్రైమర్ మసిలో సీసం ఉంటుంది. మర్నాడు అదే ఓవెన్‌లో పిల్లలకి కేక్ చేయండి. హ్యాపీ బర్త్‌డే.

నాలుగోది, "నెక్ సైజింగ్ మాత్రమే చేయండి, ఫుల్ లెంగ్త్ డై ముట్టుకోవద్దు, ట్రిమ్మింగ్ అనవసరం." అంటే డైలో నెక్ మాత్రమే నొక్కాలి, కేసు మొత్తం నొక్కకూడదు, పెరిగిన పొడవు కత్తిరించక్కర్లేదు అని. ఇందులో అర ముక్క నిజముంది. డైని ఇష్టమొచ్చినట్టు కిందికి దించి షోల్డర్‌ని వెనక్కి నెట్టేస్తే, పేల్చిన ప్రతిసారీ కేసు ముందుకి సాగి, హెడ్‌కి కాస్త పైన లోపలి గోడ పల్చబడుతుంది. ఒకరోజు అక్కడ తెగుతుంది. దానికి విరుగుడు డై మానేయడం కాదు, కొలుచుకోవడం. చేత్తో బోల్టు లాగి మూసే బోల్ట్ యాక్షన్ రైఫిల్‌కైతే షోల్డర్ 1 లేదా 2 వేల వంతుల అంగుళం వెనక్కి వెళ్తే చాలు. అనుమానముంటే పేపర్ క్లిప్ కొస వంచి కేసు లోపల అడుగునుంచి పైకి గీరండి. గాడి తగిలితే ఆ కేసు పని అయిపోయినట్టే. ట్రిమ్మింగ్ అనవసరమన్న పెద్దమనిషికి .308 కేసు పొడవు 2.015 అంగుళాలు దాటకూడదని ఎవరైనా చెప్పండి. దాటితే నెక్ అంచు చాంబర్ చివర ఇరుక్కుని బుల్లెట్‌ని బిగించేస్తుంది, ప్రెషర్ ఎగబాకుతుంది.

ఐదోది, "అమ్మోనియా ఉన్న పాలిష్‌తో తోమండి, మెరిసే బ్రాస్ ఎక్కువకాలం మన్నుతుంది." దీనికి జవాబు మన దేశంలోనే దొరికింది. బ్రిటిష్ సైన్యం వానాకాలంలో తూటాల్ని గుర్రపుశాలల్లో దాచేది. వానలు వెలిశాక చూస్తే చాలా కేసులు పగిలి ఉండేవి, ముఖ్యంగా బుల్లెట్‌ని బిగించిన చోట. కారణం 1921లో గానీ తేలలేదు. గుర్రాల మూత్రంలోంచి వచ్చిన అమ్మోనియా, బిగుసుకున్న ఇత్తడిలో దాగిన ఒత్తిడి, రెండూ కలిసి చేసిన పని అది. ఆ గుర్రాలు పోయి వందేళ్లయింది, మనం డబ్బులిచ్చి మరీ అదే అమ్మోనియా కొనుక్కుని రుద్దుకోవాలట!

ఇక ఆరోది. "చింతపండుతోగానీ నిమ్మరసంతోగానీ కడగండి." దీన్ని చీల్చి చెండాడదామనే కూర్చున్నాను. కానీ ఏం చేస్తాం, ఇది నిజం. ఇక్కడి రీలోడర్లు సిట్రిక్ యాసిడ్ పొడి కొనుక్కొచ్చి వేణ్నీళ్లలో కలిపి చేసేది ఇదే, మా అమ్మమ్మ బిందెలకి చేసిందీ ఇదే. నేనూ ఒకసారి చింతపండు పిప్పితో పాతిక కేసులు తోమి చూశాను, బాగానే వచ్చాయి. ఎక్కువసేపు నానబెడితే జింకు కరిగి కేసు గులాబీ రంగుకి తిరుగుతుంది, కాబట్టి కొద్ది నిమిషాలు చాలు. ఆ 50 అంకె మీద కూడా నాకు గొడవ లేదు. తక్కువ ప్రెషర్‌తో నడిచే .38 స్పెషల్ రివాల్వర్ కేసులు డజన్లకొద్దీ సార్లు వాడినవాళ్లున్నారు. రైఫిల్‌కి, అదీ ఫుల్ లోడ్‌కి, ఆ లెక్క తెచ్చి అతికించడమే గొడవ.

బావా, నువ్వు నలభై కేసులు ఓవెన్‌లో పెట్టేశానన్నావు కదా. వాటిని ఎవరికీ దానం చేయకు. ప్లయర్‌తో మూతులు నొక్కేసి స్క్రాప్‌లో వెయ్, ఇత్తడి రేటొస్తుంది. మిగిలినవి చింతపండుతో కడుక్కో, గ్యారేజీలో, వేరే బకెట్‌లో. వంటగది సింక్‌లో చేశావంటే చెల్లెమ్మకి ఫోన్ చేస్తాను.