అడయారు బీరువా గారికి, బూడిద చిరునామాకు

మహారాజరాజశ్రీ బీరువా గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ తమరు క్షేమమని తలుస్తాను అని రాయబోతే చెయ్యి ఆగిపోయింది. తమరిని 1884లోనే తగలబెట్టారు కదా! అయినా రాస్తున్నాను. బతికినన్నాళ్ళూ తమరు చేసిన ఉద్యోగం ఊరూపేరూ తెలియనివాళ్ళకు ఉత్తరాలు చేరవేయడమే. అలాంటి తమకు ఒక ఉత్తరం చేరకపోతుందా అని నా ధీమా.

తమరి వైభవం తెలియని ఈ కాలంవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పుకోనివ్వండి. 1875లో న్యూయార్కులో బ్లావట్‌స్కీ అనే రష్యా ఆవిడ, ఆల్కాట్ అనే అమెరికా కర్నలూ మరికొందరూ కలిసి దివ్యజ్ఞాన సమాజం పెట్టారు. 1879లో బొంబాయి వచ్చారు. 1882 చివర్లో మద్రాసులో అడయారు నది ఒడ్డున తోట కొనుక్కుని కాపురం పెట్టారు. ఆ బంగళా మేడ మీద ఒక గది, ఆ గది గోడకు తమరు. లోపల ఇద్దరు మహాత్ముల పటాలు. ఒకరి పేరు కూట్ హూమి, ఇంకొకరు మోర్య. ఇద్దరి నివాసమూ హిమాలయాల అవతల. భక్తుడు తన సందేహం కాగితం మీద రాసి తమ పొట్టలో పెట్టి తలుపు మూస్తాడు. కాసేపాగి తెరిస్తే జవాబు సిద్ధం. పావు అణా పోస్టు కార్డు అప్పటికి దేశంలోకి వచ్చి నాలుగేళ్ళు. అది మైలాపూరు నుంచి జార్జిటౌను పోవడానికే పూట పట్టేది. తమ సర్వీసు ముందు తపాలా శాఖ ఎంత?

తమ వెనక గోడ ఉండేది. గోడ వెనక బ్లావట్‌స్కీ అమ్మగారి పడకగది ఉండేది. గోడలకు చెవులుంటాయని మా అమ్మమ్మ చెప్పేది. చేతులు కూడా ఉంటాయేమోనన్న అనుమానం మద్రాసులో మొదలయింది.

అన్నిటికన్నా నాకు ఇష్టం తమ సాసర్ కథ. 1883లో మోర్గన్ అనే జనరల్ గారు తమ దర్శనానికి వచ్చారు. ఆ ఇంటి వ్యవహారాలు చూసుకునే ఎమ్మా కూలోంబ్ తమ తలుపు తీసేసరికి, లోపల ఆనించి ఉన్న పింగాణీ సాసర్ జారి కింద పడి ముక్కలయింది. ముక్కలన్నీ గుడ్డలో మూటగట్టి తమ లోపల పెట్టి తలుపు వేశారు. కొద్ది నిమిషాల్లో తెరిస్తే సాసర్ నిండుగా, చెక్కు చెదరకుండా ఉంది. పక్కనే మహాత్ముల చీటీ కూడా. జనరల్ గారు తరించారు. మరుసటి ఏడాది ఎమ్మా నోరు విప్పి, మద్రాసు కొట్లో ఆ సాసర్లు రెండు కొన్నామని చెప్పింది. నాకు మాత్రం మహాత్ముల మీద ఒక్కటే బెంగ. జగత్తు రహస్యాలన్నీ చేతిలో పెట్టుకుని, వెయ్యి మైళ్ళ అవతల నుంచి ఒక సాసర్‌కు అతుకులు వేస్తూ కూర్చున్నారా? మా వీధి చివర బొగ్గుల పొయ్యి పెట్టుకున్న మాట్లువేసేవాడు రోజూ చేసేది అదేగా!

ఇంకొక సంగతి కూడా అప్పుడే బయటపడింది. మహాత్ముడి ఉత్తరం ఒకటి అచ్చయితే, అందులో కొన్ని వాక్యాలు నేను అంతకుముందు ఇచ్చిన ఉపన్యాసంలోవే అని 1883లో హెన్రీ కిడిల్ అనే అమెరికన్ లేచాడు. దానికి మహాత్ముల వైపు నుంచి వచ్చిన సంజాయిషీ ఇప్పటికీ విద్యార్థులకు పనికొచ్చేదే. నేను ప్రయాణంలో అలసిపోయి ఉన్నాను, మనోశక్తితో చెప్పింది కాగితం మీదకి దింపిన కుర్ర శిష్యుడికి ఆ పని ఇంకా సరిగ్గా రాదు, మధ్యలో కొంత వదిలేశాడు అని. పరీక్ష హాల్లో స్లిప్పుతో దొరికినవాడు ఇన్విజిలేటరుకు ఈ జవాబు చెప్పి చూడాలి.

సరే, అసలు విషయానికొస్తాను. తమరు మోసం చేశారా లేదా అని నేను అడగబోవడం లేదు. తమ చుట్టూ ఉన్నవాళ్ళు కనిపెట్టిన ఒక పద్ధతి గురించి అడుగుదామని రాస్తున్నాను. సాసర్ కన్నా అది గట్టిది, ఈనాటికీ పగల్లేదు.

కూలోంబ్ దంపతులు కైరో నాటి పరిచయస్థులు. ఎమ్మా ఇల్లు చూసేది, మొగుడు అలెక్సిస్ వడ్రంగి పనీ మరమ్మతులూ చేసేవాడు. 1884 మే నెలలో, బ్లావట్‌స్కీ ఐరోపాలో ఉండగా, సమాజం వాళ్ళిద్దరినీ వెళ్ళగొట్టింది. సెప్టెంబరు నాటికి బ్లావట్‌స్కీ ఎమ్మాకు రాసినవని చెప్పే ఉత్తరాలు మద్రాసు క్రిస్టియన్ కాలేజీ పత్రికలో అచ్చయ్యాయి. ఇంటి గుట్టు లంకకు చేటు అంటే ఇదే. ఆ దంపతులేమీ హరిశ్చంద్రుడి చుట్టాలు కారు. వాళ్ళకు కడుపు మంట ఉంది, పత్రిక నడిపే మిషనరీలకు మతం మంట ఉంది. బ్లావట్‌స్కీ లేని నెలల్లో అలెక్సిసే గోడకు కన్నాలు పెట్టి ఆమె మీదికి నెట్టాడని సమాజంవాళ్ళు అన్నారు. అదీ జరిగి ఉండొచ్చు. ఇలాంటి వింతల్ని పరిశోధించే లండన్ సంస్థ, సైకికల్ రీసెర్చ్ సొసైటీ, తరఫున వచ్చి దర్యాప్తు చేసిన హాడ్జ్‌సన్ నివేదిక 1885లో వెలువడింది. దాని ఆధారంగా ఆమెను చరిత్రలో ఆరితేరిన, చమత్కారమైన, ఆసక్తికరమైన వంచకుల్లో ఒకరిగా తేల్చారు. తిట్టు అనుకుంటాం గానీ అన్ని విశేషణాలతో బిరుదు మా అవధానులకు కూడా దొరకదు. వందేళ్ళు గడిచాక, 1986లో, అదే సంస్థ పత్రికలో వెర్నన్ హారిసన్ అనే చేతిరాతల నిపుణుడు ఆ నివేదిక పక్షపాతంతో నిండిపోయిందని రాశాడు. కాబట్టి తీర్పు చెప్పడం నా వల్ల కాదు.

తీర్పు చెప్పగల సాక్షి ఒక్కరే ఉన్నారు. తమరు. ఆ సాక్షిని ఏం చేశారు? హాడ్జ్‌సన్ రాసిన ప్రకారం, భక్తుల్లో ఒకాయన తమ వీపు మీద చరిచి, చూశారా, ఎంత గట్టిగా ఉందో అన్నాడు. చరిచీ చరచగానే మధ్య పలక పైకి లేచింది. తర్వాత తమరికి అగ్నిసంస్కారం జరిగింది. ఆ సమాజపు నినాదం ఏమిటో తమకు గుర్తుండే ఉంటుంది: సత్యాత్ నాస్తి పరో ధర్మః. కాశీ మహారాజా వారి వంశం నుంచి అరువు తెచ్చుకున్న మాట. కాశీలో కూడా కాల్చడమే ముఖ్యమైన పని అనుకోండి.

కూలోంబ్‌లంటే తగవు పడి పోయినవాళ్ళు. వాళ్ళ మాట కొట్టేయడం తేలిక. మరి మా తల్లాప్రగడ సుబ్బారావు సంగతేమిటి? 1856లో కాకినాడలో పుట్టిన నియోగి, మద్రాసు హైకోర్టు వకీలు. బ్లావట్‌స్కీ తన గురువని చెప్పుకున్న మోర్యకే ఈయన కూడా శిష్యుడని అడయారంతా అనుకునేది. కోట్లో నుంచి కూర్చున్నపళంగా ఉపనిషత్తు తీసేవాడు. 1886 చివర్లో అడయారులో భగవద్గీత మీద ఆయన ఇచ్చిన ఉపన్యాసాలు ఇప్పటికీ అచ్చవుతూనే ఉన్నాయి. ఆ ఏడే బ్లావట్‌స్కీ తన మహాగ్రంథం ‘సీక్రెట్ డాక్ట్రిన్’ మొదటి భాగం రాతప్రతి దిద్దమని ఆయనకు పంపింది. ఆయన చదివాడు, దిద్దనన్నాడు. తప్పులు ఎంత ఎక్కువంటే, చెయ్యి పెడితే మొత్తం తిరగరాయాల్సి వస్తుందన్నాడని ఆల్కాటే రాసుకున్నాడు. మా గోదావరి జిల్లా మేష్టార్లు ఇంకా అదే పద్ధతి. కాగితం అంతా ఎర్ర సిరా పట్టేట్టుంటే, సిరా దండగని తిప్పి ఇచ్చేస్తారు.

మరుసటి ఏడాది పోట్లాట బాహాటమయింది. మనిషిలో ఏడు తత్త్వాలున్నాయని అమ్మగారి సిద్ధాంతం. స్థూల, సూక్ష్మ, కారణోపాధులు మూడు, వాటికి పైన ఆత్మ, వెరసి నాలుగు చాలునని సుబ్బారావు. తారక రాజయోగంలో లెక్క అదేనని ఆయన వాదం. సమాజం పత్రికలోనే ఇద్దరూ వాదించుకున్నారు. కాగితం మీద జవాబు చెప్పింది, అది ఆమె గొప్పే. కానీ తెర వెనక వినిపించిన మాట వేరు: బ్రాహ్మడు కదా, రహస్యాలు తెల్లవాళ్ళకు చెప్పడం కిట్టదు, అందుకే ఈ గొడవ. చూశారా పద్ధతి? నాలుగా ఏడా అని అడిగితే, నీ కులమేమిటి అని జవాబు. లెక్క తేలలేదు. 1888లో సుబ్బారావు రాజీనామా ఇచ్చాడు. 1890లో, 34 ఏళ్ళు నిండకుండానే పోయాడు. మరుసటి ఏడాది ఆమె కూడా వెళ్ళిపోయింది. పైన ఏడో అంతస్తులో కలుసుకున్నారో నాలుగో అంతస్తులోనో తెలియదు.

తమరు బూడిదయ్యాక పాతికేళ్ళకు అదే అడయారు కడలి ఒడ్డున మదనపల్లెలో పుట్టిన పిల్లవాడు కనిపించాడు. తండ్రి జిడ్డు నారాయణయ్య, రిటైరయిన తహసీల్దారు, సమాజం సభ్యుడు. 1909లో సమాజం పెద్దల్లో ఒకడైన లెడ్‌బీటర్ ఆ పిల్లవాణ్ణి చూసి లోకగురువు దిగిరావడానికి ఈ దేహమే తగినదని ప్రకటించాడు. ఆలూ లేదు చూలూ లేదు అన్నట్టు, గురువు రాకముందే 1911లో ఆయన పేర సంఘం వెలిసింది. ఈ పిల్లవాణ్ణీ, తమ్ముణ్ణీ తన సంరక్షణలో పెట్టుకున్న సమాజం అధ్యక్షురాలు అనీబిసెంట్ మీద, నా కొడుకుల్ని నాకిప్పించండని తండ్రి మద్రాసు హైకోర్టుకెక్కి గెలిచాడు, లండన్ ప్రీవీ కౌన్సిల్లో ఓడాడు. 1925లో హాలండులోని ఓమెన్ శిబిరంలో గురువు గారి శిష్యుల పేర్లు కూడా చదివారు. గురువు గారి అభిప్రాయం మాత్రం ఎవరూ అడగలేదు. 1929 ఆగస్టు 3న అదే ఓమెన్‌లో, మూడు వేల మంది ఎదట, జిడ్డు కృష్ణమూర్తి లేచి సంఘం రద్దు చేశాడు. ఆ రోజు ఆయన చెప్పిన పిట్టకథ తమకు నచ్చుతుంది. సైతానూ, వాడి మిత్రుడూ వీధిలో పోతున్నారు. ముందు పోతున్న మనిషి కింద పడున్నదేదో తీసి జేబులో వేసుకున్నాడు. ఏమిటది అని మిత్రుడు అడిగితే, సత్యం ముక్క అన్నాడు సైతాను. అయితే నీ వ్యాపారానికి దెబ్బేగా? ఏమీ కాదు, దానికి ఒక సంఘం పెట్టుకోనిస్తాను అన్నాడట.

దానికి లెడ్‌బీటర్ చెప్పింది ఒకే మాట: ఆగమనం దారి తప్పిందని. అంచనా తప్పలేదు, లోకగురువే తప్పాడు! తమ పలక లేచినప్పుడు కూడా పలకదే తప్పని అని ఉంటారు.

అక్కడితో ఆగిందా? మచిలీపట్నంలో పుట్టి గుడివాడలో పెరిగిన ఇంకో కృష్ణమూర్తి, యూజీ, తాతగారి నుంచి దివ్యజ్ఞానం వారసత్వంగా పొంది, ఆ సమాజం తరఫునే ఉపన్యాసాలిచ్చి, దాన్నీ వదిలి, తర్వాత జిడ్డువారిని కూడా వదిలాడు. పైగా నా మాటల మీద హక్కుల్లేవు, కావాలంటే మీ పేరే వేసుకోండి అన్నాడు. కృష్ణా జిల్లావాడు కాపీరైటు వదులుకోవడం నాకు తెలిసి అదే మొదలు. ఇంత చెప్పినా ఆ మాటలు పోగేసి, అట్టలేసి, ఫోటోలు పెట్టుకున్నవాళ్ళు ఉన్నారు. బీరువా వద్దన్నవాడి చుట్టూ కూడా వడ్రంగి పని జరిగిపోతూనే ఉంటుంది.

మా పెద్దమ్మ సంగతి చెప్పి ముగిస్తాను. ఆవిడ ఇరవై రెండేళ్ళు ఒక సత్సంగంలో ఉంది. పేరు చెప్పను, పేరు మార్చినా తమరు పోల్చుకుంటారు. గురువుగారి పుస్తకం పాత ముద్రణలో ఉన్న పేజీ కొత్త ముద్రణలో లేదేమిటని అడిగింది. ఇంటిపేరు, నక్షత్రం, మోకాళ్ళ నొప్పులు, కోడలితో పొసగకపోవడం, అన్నీ చర్చకు వచ్చాయి. ఆ పేజీ మాత్రం రాలేదు. మర్నాటికి వాట్సాప్ గుంపులో ఆవిడ లేదు. వారం తర్వాత పక్కింటావిడ గుమ్మం దగ్గర నిలబడి, లోపలికి రాకుండానే, నీకేదో పూర్వజన్మ వాసన తగిలిందటగా అంది. పెద్దమ్మ ఏమీ అనలేదు. పాత ముద్రణ తీసుకొచ్చి, ఆ పేజీ దగ్గర కరివేపాకు రెబ్బ గుర్తు పెట్టి, ఆవిడ చేతిలో పెట్టింది. ఆ పుస్తకం ఇంతవరకూ తిరిగి రాలేదు. చదువుతోందో, తమకు పట్టిన గతే దానికీ పట్టిందో.

ఈ ఉత్తరానికి జవాబు ఇవ్వదలచుకుంటే చేతిరాత కొంచెం జాగ్రత్త. అప్పట్లో లండన్ చేతిరాతల నిపుణుడు నెదర్‌క్లిఫ్ట్ మహాత్ముల ఉత్తరాలు చూసి మొదట ఆ రాత అమ్మగారిది కాదన్నాడు, తర్వాత ఆమెదే అన్నాడు. చీటీ గుడ్డలో చుట్టి పంపినా ఫరవాలేదు. సాసర్‌లో పెట్టి మాత్రం పంపకండి. మా ఇంట్లో సాసర్లు జతగా కొనడం మానేశాం.

ఇట్లు,
తమ తలుపు ఎన్నడూ తెరవని
ఒక తెలుగువాడు