గేదె పోయింది, అప్పు పోలేదు

సియాటెల్‌లో కింగ్‌డోమ్ అని ఓ పెద్ద స్టేడియం ఉండేది, 1976లో జనం డబ్బుతోనే కట్టారు, 2000 మార్చి 26 ఆదివారం పొద్దున్నే పేలుడు మందు పెట్టి అరనిమిషంలోపే నేలమట్టం చేసేశారు. దుమ్ము సర్దుకుంది గానీ బాకీ సర్దుకోలేదు, దానికోసం బాండ్లమ్మి తెచ్చిన అప్పు అక్కడి కౌంటీ, అంటే మన జిల్లా లాంటిది, 2015 దాకా కడుతూనే ఉంది! గేదె చచ్చి పదిహేనేళ్లయినా దానికి తెచ్చిన అప్పుకి వడ్డీ కట్టినట్టు.

పోనీ అక్కడితో బుద్ధొచ్చిందా అంటే, కూల్చకముందే ఇంకోటి మొదలైంది. 1995లో మెరైనర్స్ బేస్‌బాల్ టీమ్‌కి కొత్త స్టేడియం కావాలంటే కౌంటీ ఓటర్లు కొద్ది తేడాతో వద్దన్నారు. ఓనర్లేమో టీమ్ అమ్మేస్తాం అన్నారు, అంతే, కొన్ని వారాల్లోనే రాష్ట్ర చట్టసభ స్పెషల్ సెషన్ పెట్టి మరీ డబ్బు ఇచ్చేసింది. అందులో ఒకటి రెస్టారెంట్ బిల్లు మీద అర శాతం టాక్స్, 2011 దాకా నడిచింది. అంటే ఆ రోజుల్లో అదే కౌంటీలోని బెల్‌వ్యూ ఊళ్లో దోశలు తిని నలభై డాలర్ల బిల్లు కట్టిన మనవాళ్లు కూడా, బేస్‌బాల్ అంటే ఏంటో తెలియకపోయినా, ఇరవై సెంట్లు స్టేడియంకి చదివించారన్నమాట. సొమ్మొకడిది సోకొకడిది.

ఉద్యోగాలొస్తాయి, ఊరు బాగుపడుతుంది అని ప్రతిసారీ చెప్తారు. మాకైతే నమ్మకం లేదు, ఎకనామిస్టుల్లో కూడా ఎక్కువమంది నమ్మరు, ఎందుకంటే మ్యాచ్‌కి పోయే కుటుంబం మ్యాచ్ లేకపోతే ఆ డబ్బు సినిమాకో హోటల్‌కో పెట్టేదే, జేబు మారుతుంది తప్ప కొత్తగా పుట్టేదేం లేదు.

సోనిక్స్ బాస్కెట్‌బాల్ టీమ్ విషయంలో మాత్రం ఊరు గట్టిగా నిలబడింది. 2006లో నూటికి డెబ్భైమందికి పైగా ఓటర్లు, సిటీకి గిట్టుబాటు కాకపోతే సబ్సిడీ లేదు పొమ్మన్నారు. టీమ్ 2008లో ఓక్లహోమా సిటీకి వెళ్లిపోయింది, అభిమానులు ఏడ్చారు, అది నిజమే, ఆ బాధని మేం తక్కువ చేయం. కానీ ఊరేం మునిగిపోలేదు కదా. పైగా సోనిక్స్ ఆడిన ఆ పాత అరీనానే, అంటే ఇండోర్ స్టేడియాన్నే, ప్రైవేటు కంపెనీ వంద కోట్ల డాలర్లకు పైగా సొంత ఖర్చుతో తిరగకట్టి 2021లో తెరిచింది. అటు ఓక్లహోమా సిటీలో చూడండి, 2023లో కనీసం 90 కోట్ల డాలర్ల కొత్త అరీనాకి జనం ఓకే చెప్పారు, అందులో టీమ్ వాటా 5 కోట్లు, మిగతాదంతా ప్రజల నెత్తినే.

ఇప్పుడు సియాటెల్‌కి మళ్లీ ఎన్‌బీఏ (సోనిక్స్ ఆడిన బాస్కెట్‌బాల్ లీగ్) టీమ్ వస్తుందని మాటలు నడుస్తున్నాయి. రానీండి, మేమూ చప్పట్లు కొడతాం. కానీ 2018లో ఇదే కౌంటీ, హోటల్ టాక్స్ డబ్బు పేదల ఇళ్లకి ఇవ్వండి అని జనం మొత్తుకుంటున్నా, మెరైనర్స్ స్టేడియం మరమ్మతులకి 13.5 కోట్ల డాలర్లు రాసిచ్చింది. కాబట్టి కౌన్సిల్ వాళ్లని ముందే అడుగుతున్నాం, కొత్త ఓనర్లు చెయ్యి చాపితే ఏం చెప్తారో ఇప్పుడే రాతపూర్వకంగా చెప్పండి, టీమ్ వచ్చి జెర్సీలు అమ్ముడుపోయాక కాదు.