ఆ నమూనాను పారేయొద్దు

గొంతు నొప్పి తెప్పించే గ్రూప్ ఎ స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా చాలామందిని కొన్ని రోజులు ఇబ్బంది పెట్టి పోతుంది. కొద్దిమందిలో మాత్రం రక్తంలోకో కండరాల్లోకో చొరబడి గంటల వ్యవధిలో ఐసీయూకి చేరుస్తుంది. దాని విషంతో రక్తపోటు పడిపోయి అవయవాలు దెబ్బతినే టాక్సిక్ షాక్ దాకా వెళ్తే ఎంత మంచి వైద్యం అందినా పదిమందిలో సుమారు ముగ్గురు దక్కడం లేదు. వ్యాక్సిన్ ఇంకా రాలేదు. కాబట్టి ఎక్కడ పెరుగుతోందో ముందే పసిగట్టడమే ఇప్పటికి చేయగలిగిన పని.

జపాన్‌లో 2023లో ఇలాంటి షాక్ కేసులు 941 నమోదైతే, 2024లో జూన్ మొదటి వారానికే ఆ లెక్క దాటిపోయింది. ఇది ప్రపంచానికి వెంటనే తెలిసిందంటే, అక్కడ ప్రతి కేసునూ డాక్టర్లు తప్పనిసరిగా తెలియజేయాలన్న నిబంధన ఉండబట్టే. ఇంగ్లండ్‌లోనూ 2010 నుంచి అలాంటి నిబంధనే ఉంది.

అయితే తలలు లెక్కపెడితే సరిపోదు. రోగి రక్తంలోని బ్యాక్టీరియాను ల్యాబ్‌లో రక్తం కలిపిన అగర్ (జెల్లీ లాంటి పదార్థం) ప్లేటు మీద పెంచితే, చిన్న చిన్న చుక్కల్లా మొలుస్తుంది. ఒక్కో చుక్క చుట్టూ రక్తకణాలు కరిగి తేటగా వలయం ఏర్పడుతుంది. అది చూసి మందు ఖాయం చేస్తారు, తర్వాత ప్లేటు చెత్తలోకి పోతుంది. మా అభ్యంతరం ఇక్కడే. ఆ చుక్కల్లోని ఇఎమ్ఎమ్ జన్యువును చదివితే అది ఏ రకమో తెలుస్తుంది. ఈ బ్యాక్టీరియాలో మామూలు ఎం1 రకం కన్నా ఎక్కువ విషం తయారుచేసే ఎం1యూకే రకాన్ని బ్రిటన్ శాస్త్రవేత్తలు 2019లో బయటపెట్టగలిగింది, దాచిన నమూనాలు ఉండబట్టే. తర్వాత అదే రకం జపాన్‌లోనూ కనిపించింది.

మరో చిక్కుంది. రక్తం తీయకముందే యాంటీబయాటిక్ పడితే కల్చర్‌లో, అంటే ల్యాబ్ ప్లేటు మీద, తరచూ ఏమీ మొలవదు, కేసు లెక్కలోకే రాదు. అలాగని ప్రాణం మీదికొచ్చిన మనిషికి మందు ఆపమని ఎవరూ అనరు. మొదటి డోసుకు ముందే రక్తం తీసి పెట్టుకోవడానికి పట్టేది కొద్ది నిమిషాలే.

తీవ్రమైన ప్రతి కేసునూ తప్పనిసరిగా నమోదు చేయించాలి. ప్రతి నమూనా, రకాన్ని తేల్చే ప్రత్యేక రిఫరెన్స్ ల్యాబ్‌కు చేరాలి, ఆ ఖర్చు ప్రభుత్వమే భరించాలి. ఇంట్లో ఒకరికి ఈ జబ్బు వస్తే మిగతావాళ్లకూ ముప్పు పెరుగుతుంది, బాలింతకూ పసిబిడ్డకూ మరీ ఎక్కువ. నమోదైన రోజే ఆరోగ్య సిబ్బంది ఆ ఇంటికి ఫోన్ చేసి, ఏ లక్షణం కనిపిస్తే ఆస్పత్రికి పరుగెత్తాలో చెప్పాలి.