శిబిరంలోనే టీచర్లు తయారు కావాలి

దసరా దాటితే కర్నూలు జిల్లా కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు పల్లెల్లో ఇళ్లకు తాళాలు పడతాయి. బియ్యం మూటలు, వంట సామాన్లు, చంకలో బిడ్డలతో జనం గుంటూరు వైపు మిరప కోతలకు బయలుదేరతారు. సుగ్గికి పోవడం అంటాం మన దగ్గర. చేని గట్టు మీది గుడారాల్లో బడి ఉండదు. ఇంటర్ దాకా చదివి కూలికి వచ్చిన ఆడపిల్ల ఎవరైనా ఉంటే మాత్రం పొద్దుగూకాక ఎరువు సంచి పరిచి, నలుగురు పిల్లల్ని కూర్చోబెట్టుకుని గుణింతాలు దిద్దిస్తుంది. ఘాటుకు మండే వేళ్లతోనే బలపం పట్టుకుంటుంది. పిల్లలు ఆమెను అక్కా అంటారు. శరణార్థి శిబిరాల బడుల గురించి చదివినప్పుడల్లా మాకు ఆ అక్కే గుర్తొస్తుంది.

సుగ్గికి పోయినవాళ్లు శరణార్థులు కారు. ఎండలు ముదిరేసరికి తిరిగి రావడానికి వాళ్లకు ఊరుంది. కెన్యాలోని దదాబ్ శిబిరం 1991లో, కకుమా 1992లో మొదలయ్యాయి. అక్కడ పుట్టిన పిల్లలకే ఇప్పుడు పిల్లలున్నారు. ఆ బడుల్లో పాఠం చెప్పేవాళ్లు చాలావరకు శరణార్థులే. అదే శిబిరంలో పన్నెండో తరగతి గట్టెక్కి, మర్నాడే వందమందికి పైగా పిల్లలున్న తరగతిలో నిలబడినవాళ్లు ఎందరో. ఒక్కో బెంచీ మీద మూడు నాలుగు భాషలు. ఇంట్లో చావును చూసి వచ్చిన పసివాడు పాఠం మధ్యలో ఉలిక్కిపడితే ఏం చేయాలో వాళ్లకు ఎవరు నేర్పాలి?

కకుమాలో ఒక మంచి ప్రయత్నం జరిగింది. నాలుగు రోజుల తరగతులతో చేతులు దులుపుకోకుండా, టీచర్లు నెలల తరబడి బృందాలుగా కూర్చుని మాట్లాడుకునే ఏర్పాటు చేశారు. శిబిరంలోని టీచర్లే కొందరు తోటివారికి మార్గదర్శకులయ్యారు. సందేహం వస్తే వాట్సాప్‌లో అడిగితే, ఎక్కడో దూరదేశంలోని అనుభవజ్ఞులు జవాబిచ్చేవారు. శిక్షణంటే అదీ. బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ శిబిరాల్లోనూ, మయన్మార్ నుంచి పారిపోయి వచ్చిన రోహింగ్యా పిల్లలకు బర్మీస్ పాఠం చెప్పేది రోహింగ్యా టీచరే.

కానీ జీతం? కెన్యాలో శరణార్థి టీచరుకు దక్కేది భృతి మాత్రమే. అదే బడిలో అదే పని చేసే స్థానిక టీచరుకు దానికి ఎన్నో రెట్లు వస్తుంది. గౌరవ వేతనం అన్న మాట చాటున ఎంత అవమానం దాగి ఉంటుందో మన విద్యా వాలంటీర్లు అనుభవించి ఎరుగుదురు. ఇంటివాళ్లే కదా అని చవగ్గా వాడుకోవడం అన్యాయం. శిబిరం దాటినా, సొంత దేశం చేరినా చెల్లుబాటయ్యే సర్టిఫికెట్ కూడా వాళ్లకు దక్కాలి.

మన దగ్గర 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు ప్రకటించారు. సంతోషమే. అయితే బడిలో పోస్టింగ్ వచ్చిన టీచరు మిరప చేని గుడారం దాకా వెళ్లరు, వెళ్లాలనడమూ సబబు కాదు. అక్కడ ముందే ఉన్నది ఆ అక్క. సుగ్గి పల్లెల్లో ఇంటర్ చదివిన పిల్లల్ని గుర్తించి, వాళ్లు ఊళ్లో ఉండే వేసవిలో బి.తాండ్రపాడులోని ప్రభుత్వ ఉపాధ్యాయ శిక్షణ సంస్థ డైట్‌లో శిక్షణ ఇప్పించాలి. కోతల కాలంలో కూలి నష్టపోకుండా నెలనెలా జీతం ఇవ్వాలి. జిల్లా యంత్రాంగం ఈ వేసవికే ఆ పని మొదలుపెట్టాలని కోరుతున్నాం.