డెసిబెల్స్‌ని రూపాయల్లా లెక్కపెట్టకండి

తీర్థాలు, ఊరేగింపులు మొదలైతే చాలు, మా కోనసీమ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతుంది. దాని సారం ఇదీ: ‘మామూలు మాట 60 డెసిబెల్స్, డీజే 100. రెండింతలు కూడా కాదు. ఫోన్ యాప్‌లో చూస్తే వీధిలో 74 వచ్చింది, రూల్ ప్రకారం 75 దాకా ఓకే. చెవి నొప్పి పుట్టలేదంటే ఏమీ కానట్టే.’ మాట 60, డీజే 100 అన్న అంకెలు దాదాపు సరైనవే. వాటితో వేసిన లెక్కలే తప్పు.

ముందు ఆ ‘రెండింతలు’ సంగతి. సున్నా డెసిబెల్స్ అంటే శబ్దం లేకపోవడం కాదు. ఆరోగ్యంగా ఉన్న చెవికి అతి కష్టం మీద వినిపించే శబ్దాన్ని సున్నాగా పెట్టుకున్నారు. అక్కడి నుంచి పది పెరిగిన ప్రతిసారీ శబ్ద శక్తి పదింతలవుతుంది. 60 దగ్గరుండే మాటతో పోలిస్తే 70 దగ్గర పది రెట్లు, 80 దగ్గర వంద, 90 దగ్గర వెయ్యి, 100కి వచ్చేసరికి పదివేల రెట్లు. కానీ పది డెసిబెల్స్ పెరిగితే మనకి సుమారు రెండింతలు గట్టిగా ఉన్నట్టే అనిపిస్తుంది. అంటే పదివేల రెట్ల శక్తి మీద పడుతుంటే, పదహారు రెట్ల మోతగానే తెలుస్తుంది. ప్రమాదమంతా ఇక్కడే ఉంది.

డీజేలు వద్దనేవాళ్లు కూడా ‘రెండు పెడితే 200 అవుతుంది’ అని రాస్తున్నారు. అదీ తప్పే. 100కి మరో 100 తోడైతే 103. అయితే ఆ మూడుని చిన్నచూపు చూడకూడదు, శక్తి రెట్టింపైంది. పనిచేసే చోట మోతకి అమెరికాలోని నియోష్ సంస్థ పెట్టిన హద్దు 85 దగ్గర రోజుకి 8 గంటలు, 88 దగ్గర 4 గంటలు. మూడు పెరిగినప్పుడల్లా సమయం సగం. 100 దగ్గర మిగిలేది 15 నిమిషాలు. మన కుర్రాళ్లు బాక్సుల బండి పక్కనే గంటల తరబడి నడుస్తారు.

ఇక యాప్‌లో కనిపించిన 74. ఫోన్ మైకు మాట కోసం చేసింది, పెద్ద మోతని సరిగా పట్టలేదు. అసలైన మీటరు తెచ్చినా ఇంకో చిక్కుంది. మామూలుగా వాడే ‘ఎ’ స్కేలు, చెవికి తక్కువగా వినిపిస్తుందని బేస్‌ని, అంటే లోతుగా దడదడలాడే మోతని, బాగా తగ్గించి చూపిస్తుంది. 63 హెర్ట్జ్ (సెకనుకి 63 కంపనాలు) దగ్గర ఏకంగా 26 డెసిబెల్స్ తగ్గిస్తుంది. 100 డెసిబెల్స్ బేస్ కూడా దాని మీద 74గానే కనిపిస్తుంది! ఆ తగ్గింపు మెల్లని శబ్దాలకి సరిపోతుంది. శబ్దం పెరిగేకొద్దీ చెవి బేస్‌ని కూడా మిగతావాటితో దాదాపు సమానంగా వినడం మొదలుపెడుతుంది. పైగా బేస్ గోడలకి ఆగదు. బండి వెళ్తుంటే పెంకుటింట్లో తలుపు గొళ్లెం టకటకలాడుతుంది, అటక మీద స్టీలు గిన్నెలు ఒకదానికొకటి కొట్టుకుంటాయి. మంచం మీదున్న పెద్దాయనకి గుండెల్లో దడ పుడుతుంది. ‘ఎ’తో పాటు బేస్‌ని పెద్దగా తగ్గించని ‘సి’ స్కేలు మీద కూడా కొలిస్తే ఆ బేస్ బయటపడుతుంది.

75 దాకా ఓకే అన్నది సగం చదివిన రూలు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో ఉన్నది, ఆ ప్రాంతపు పరిమితికి పది కలిపినంత లేదా 75, రెండింట్లో ఏది తక్కువైతే అది. ఇళ్ల మధ్య పగటి పరిమితి 55, కాబట్టి మైకులకి హద్దు 65. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట మైకే పెట్టకూడదు. పండగలకి ప్రభుత్వం అనుమతిస్తే 12 దాకా, అదీ ఏడాదిలో 15 రోజులకి మించకుండా.

నొప్పి పుట్టేది 120 దాటాక. చెవి పాడవడం చాలా ముందే మొదలవుతుంది. మర్నాడు చెవిలో గుయ్యిమంటోందంటే లోపల శబ్దాన్ని పట్టే వెంట్రుక కణాలు దెబ్బతిని ఉండొచ్చు. ఆ మోత తగ్గొచ్చు, చచ్చిన కణాలు మాత్రం మళ్లీ పుట్టవు. ముందుగా పోయేది 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల వినికిడి. అది పోయినవాళ్లకి ఎదుటివాళ్లు మాట్లాడుతున్నట్టు తెలుస్తుంది కానీ, నలుగురి మధ్య ఉంటే ఏమన్నారో అర్థం కాదు.