ఇంజను తీసేసి అమ్ముతారా అని అడిగే ముందు

"ఇంజను తీసేసి ఇస్తే ఎంత తగ్గిస్తారు?" అని ఈ సాయంత్రం ఒక పెద్దమనిషి మా షెడ్డులో నిలబడి నన్ను అడిగారు. హైదరాబాదులో త్వరలో తెరవబోతున్న తన హోటలులో, క్యాష్ కౌంటరు వెనుక గోడకు నేను అమ్మకానికి పెట్టిన 1968 నాటి జావా మోటారుసైకిలును బిగించాలన్నది ఆయన ఆలోచన. గోడ అంత బరువు మోయదు కాబట్టి ఇంజను అక్కర్లేదట, మెరుపు మాత్రం ఇలాగే ఉండాలట. ఆయన ఎగతాళికి అడగలేదు, బేరంలో భాగంగా, ఎంతో మర్యాదగా అడిగారు. ఆ మర్యాదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. తానేమి అడుగుతున్నారో ఆయనకు నిజంగానే తెలియదు. ఆయన వెళ్లి చాలాసేపయినా నా కోపం తగ్గలేదు కాబట్టి ఇది రాస్తున్నాను. పాత బండ్ల పని చేసే మిత్రులకు నేను కొత్తగా చెప్పవలసినదేమీ లేదు, మీలో ప్రతి ఒక్కరికీ ఇలాంటి అతిథి ఒకరు ఎదురయ్యే ఉంటారు.

మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారంలో తయారైన 250 సీసీ బండి అది. ఆ కర్మాగారం 1996లోనే మూతపడింది. ఒకే సిలిండరుకు రెండు వైపులా రెండు సైలెన్సర్లు, కిక్కుకీ గేర్లకీ కలిపి ఒకే లివరు, గేరు మార్చేటప్పుడు చేత్తో పట్టుకోకపోయినా క్లచ్చు దానంతట అదే విడిపోయే ఏర్పాటు, ఇలా జావాను జావాగా నిలబెట్టిన తెలివంతా ఇంజను అనే ఆ అల్యూమినియం పెట్టెలోనే ఉంది. మడ్గార్డులు, టూల్ బాక్సులు రేకు పని తెలిసినవాళ్లు ఈ రోజు కూడా కొట్టి ఇవ్వగలరు. ఇంజను కేసింగు పగిలితే మాత్రం ఎక్కడో మరో బండి చచ్చి దాని కేసింగు మన చేతికి రావాలి. అలాంటి ఇంజనును తీసి పక్కన పెట్టేసి, చుట్టూ ఉన్న రేకుకు ధర కడతామంటే వినడానికి నాకు ఓపిక లేదు.

ఆ ఇంజనులో ఏం పని జరిగిందో ఒక్క క్రాంకు, అంటే పిస్టను పైకీ కిందకీ ఆడే ఆటను గుండ్రటి తిరుగుడుగా మార్చే ఇరుసు, దాని సంగతి చెబితే చాలు. బండి నా చేతికి వచ్చినప్పుడు సిలిండరు ఊడదీసి, పిస్టను తప్పించి, కనెక్టింగ్ రాడ్డును పైకీ కిందకీ లాగి చూస్తే టకటకమని చప్పుడు వచ్చింది. అంటే అడుగున ఉన్న బేరింగు అరిగిపోయింది. కారు ఇంజన్లలో లాగా ఇక్కడ బోల్టులు విప్పి బేరింగు మార్చడం కుదరదు. రెండు బరువైన ఉక్కు చక్రాల మధ్య ఒక పిన్నును బిగుతుగా ఒత్తి చేసిన క్రాంకు ఇది. హైడ్రాలిక్ ప్రెస్సు కింద పెట్టి ఆ పిన్నును బయటికి నెట్టి, కొత్త పిన్నూ రాడ్డూ రోలర్లూ అమర్చి, మళ్లీ ప్రెస్సులోనే కలపాలి. కలిపినంత మాత్రాన పని అయిపోదు. రెండు చక్రాలు ఒకే ఇరుసు మీద తిరుగుతున్నాయో లేదో లేతు మీద రెండు మొనల మధ్య నిలిపి, సన్నటి తేడానైనా ముల్లుతో చూపించే డయల్ గేజిని ఆనించి, మెల్లగా తిప్పుతూ చూడాలి. ముల్లు కదిలితే ఎటు కదిలిందో గుర్తుపెట్టుకుని, రాగి సుత్తితో సరైన చోట ఒక్క దెబ్బ వేసి మళ్లీ తిప్పాలి. మిల్లీమీటరులో వందో వంతుల లెక్క అది. విజయవాడ ఆటోనగర్‌లో ఈ పని చేసే ఒక పెద్ద మేస్త్రిగారు ఉన్నారు. ఆయన సుత్తి ఎత్తినప్పుడు పక్కన ఎవరూ మాట్లాడరు. గేజి ముల్లు దాదాపు నిలబడిపోయిన తర్వాత కూడా ఆయన తృప్తిపడకుండా ఇంకోసారి తిప్పి, "ఇది వంకరగా తిరిగితే నీ సీళ్లనూ బేరింగులనూ తినేస్తుంది బాబూ" అన్నారు. ఆయన చేతి పని విలువ ఎంతో గోడకు బిగించేవారికి ఎలా చెప్పగలను?

జావాది టూ స్ట్రోక్ ఇంజను. అలాంటి ఇంజన్లో పెట్రోలూ గాలీ కలిసిన మిశ్రమం నేరుగా సిలిండరులోకి వెళ్లదు, ముందు క్రాంకు తిరిగే గదిలోకి వచ్చి, అక్కడ ఒత్తిడి పొంది, అప్పుడు పైకి ఎక్కుతుంది. అందుకని ఆ గది గాలి చొరకుండా ఉండాలి. క్రాంకు చివర్లలో ఆ గదిని మూసి ఉంచే రబ్బరు సీలు ఎక్కడైనా కారితే బయటి గాలి లోపలికి చేరి, మిశ్రమంలో పెట్రోలు పలచబడి, దానితో పాటు కలిపిన ఆయిలు కూడా తగ్గి, ఇంజను వేడెక్కి, చివరికి పిస్టను సిలిండరులో కదలకుండా పట్టేస్తుంది. క్లచ్చు వైపు సీలు పాడైతే గేరు ఆయిలు లోపలికి లాగేసి, వెనుక తెల్లటి పొగ దట్టంగా వస్తుంది. కొత్త రంగు వేసి, ఈ సీళ్లను ముట్టుకోకుండా వదిలేసిన బండి అమ్మకం రోజున చక్కగానే స్టార్టు అవుతుంది. కొన్నవాడి ఇంటికి వెళ్లాక ఎండలో కొంచెం దూరం నడిపితే అసలు రంగు బయటపడుతుంది.

ఇక్కడికి వచ్చాక నాకు హోటలు పెద్దమనిషి మీద కన్నా, ఆయనను అలా తయారుచేసిన వ్యాపారుల మీదే ఎక్కువ కోపం వస్తుంది. కొన్నేళ్లుగా కొందరు బ్రోకర్లు పాత బండిని తెచ్చి, సొట్టలు సుత్తితో తీయకుండా వాటి మీద వేలు మందాన పుట్టీ నింపి, పైన రంగు కొట్టి, గీతలకు స్టిక్కర్లు అంటించి, సీటుకు కొత్త రెక్సిను తొడిగి, 'పూర్తిగా రిస్టోర్ చేసినది' అని అమ్ముతున్నారు. ట్యాంకు మీద బంగారు రంగు గీతను కుంచెతో ఒక్క ఊపులో లాగగలిగిన పెయింటర్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు, వాళ్లకు పని ఇచ్చేవాళ్లే లేరు. కొనేవారికి నేను ఎప్పుడూ చెప్పే మాట ఒకటుంది. చిన్న అయస్కాంతం ఒకటి జేబులో వేసుకుని వెళ్లి, పలచటి గుడ్డ చుట్టి మడ్గార్డు మీద ఆనించండి. రేకు ఉన్నచోట అంటుకుంటుంది, పుట్టీ దట్టంగా ఉన్నచోట జారిపోతుంది. ఈ చిన్న పరీక్షకు కూడా అడ్డుపడే అమ్మకందారు దగ్గర కొనకండి.

క్రోమియం పూత విషయంలో నా పగ ఇంకా పాతది. జావా ట్యాంకుకు రెండు పక్కలా క్రోమియం మెరుపు, దాని మీద మోకాళ్లకు రబ్బరు ప్యాడ్లు ఉంటాయి. ఆ మెరుపు నిలవాలంటే పాత పూతను పూర్తిగా తీసేసి, తుప్పు గుంటలు సరిచేసి, రాగి, దాని మీద నికెలు, చివరగా పలచటి క్రోమియం వేయాలి. రాగి పొర ఎగ్గొట్టి డబ్బు మిగుల్చుకునే ప్లేటింగువాళ్లు వేసిన పూత తడి గాలికి, ఉప్పు గాలికి నిలవదు. మచిలీపట్నం వైపు బండ్లు తిప్పేవారికి ఈ సంగతి చెప్పనక్కర్లేదు. అంతకన్నా ఘోరం బఫింగు, అంటే తిరిగే చక్రానికి ఆనించి లోహానికి మెరుపు పెట్టడం. ఏళ్ల క్రితం నేను నమ్మి ఇచ్చిన ఒక జత ఇంజను కవర్లను ఒక ప్లేటింగు షాపులో బఫింగు చక్రానికి అదిమి, అచ్చులో పోసినప్పటి అక్షరాల అంచులను అరగదీసి, అద్దంలా మెరిపించి ఇచ్చారు. ఎలా ఉందో చూడండని గర్వంగా చూపించారు కూడా. పోయిన లోహాన్ని ఎవరు తెచ్చి పోస్తారు? కర్మాగారంలో ఆ అక్షరాలకు పదునైన అంచులు ఉండేవి, ఆ పదును పోయాక అది మెరిసే రేకు మాత్రమే. ఇప్పటికీ ఆ కవర్లను చూసినప్పుడల్లా నా కడుపు మండుతుంది.

ఇంజను వద్దన్నవారికి చట్టం సంగతి కూడా తెలియదు. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏళ్లు దాటిన బండిని వింటేజి వాహనంగా నమోదు చేయించుకోవచ్చు. కొత్తగా నమోదు చేయడానికి రుసుము 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్లు. ఆ నమోదు దొరకాలంటే చాసిస్‌లోనూ ఇంజనులోనూ పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. నమోదు అయ్యాక కూడా ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించడానికి, మరమ్మతులకు మాత్రమే రోడ్డెక్కాలి, రోజువారీ తిరుగుళ్లకు వీలు లేదు. చాసిస్ మీద ఒక నంబరు, ఇంజను మీద ఒక నంబరు, ఆర్సీలో ఆ రెండూ, ఇవి మూడూ కలిసి ఉన్నప్పుడే అది ఒక బండి. ఇంజనును విడదీసి అమ్మితే నా చేతిలో ఒక అనాథ ఇంజను, ఆయన గోడ మీద ఒక అనాథ చట్రం మిగులుతాయి. ఆ రెండింటినీ మళ్లీ కలిపేవాడు దొరకడు. ఇలా విడిపోయిన ఇంజన్లు పాత సామాన్ల మండీలో ఊరూపేరూ లేకుండా పడి ఉండటం నేను చూశాను. పక్కనే తూకానికి సిద్ధంగా కోసి పెట్టిన ఫ్రేములనూ చూశాను. మా ఇంట్లో కూడా తాతగారి జావా ఉండేది, పాత ఇనుము లెక్కన ఇచ్చేశాం అని నవ్వుతూ చెప్పేవారు నా షెడ్డుకు ప్రతి నెలా ఎవరో ఒకరు వస్తారు. వాళ్లతో కలిసి నవ్వడం నాకు ఏనాడూ చేతకాలేదు.

గోడకు అలంకారం కావాలనుకోవడం తప్పని నేను అనడం లేదు. ఇంజను ఎప్పుడో పోయి, కాగితాలు లేక, ఎవరికీ పనికిరాని చట్రాలు కావలసినన్ని దొరుకుతాయి. రంగు వేయించి వాటిని వేలాడదీసుకోండి, నేనే వెతికి పెడతాను. కిక్కు కొడితే పలికే బండి జోలికి మాత్రం రావద్దు.

ఈ జావా ఇంకా అమ్మకానికే ఉంది. కొనదలచినవారు పొద్దున్నే రండి, ఇంజను చల్లగా ఉన్నప్పుడు మీరే కిక్కు కొట్టి స్టార్టు చేసి చూడండి. పొగ ఎలా వస్తుందో, వేడెక్కాక ఐడిలింగు, అంటే యాక్సిలరేటరు తిప్పకుండా ఇంజను నడవడం, నిలబడుతుందో లేదో మీ కళ్లతో చూడండి, అయస్కాంతం తెచ్చుకోండి, నంబర్లు ఆర్సీతో పోల్చుకోండి. ప్రెస్సు కింద క్రాంకు విడిపోయినప్పటి నుంచి ట్యాంకు మీద చివరి గీత ఆరే వరకు తీసిన ఫోటోలు, కొన్న ప్రతి భాగం బిల్లు ఒక ఫైలులో పెట్టాను, అవి కూడా బండితో పాటే మీకు వస్తాయి. ధరలో కొంత బేరం ఉంది, ఇంజను విషయంలో లేదు.